గోలీలకు రెండు తాళాలు

నొప్పి గురించి క్లాసు చెప్పడం నా ఉద్యోగం. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు ఒక నవ్వు నవ్వుతారు. జనగామలో మా పక్కింటి వదిన అయితే ఇప్పటికీ నమ్మదు. నొప్పి అంటే ఎవరికి తెలియదు, దానికి క్లాసెందుకు, అది కూడా డాక్టర్లకా, అని అడుగుతుంది. మొదట్లో ఓపికగా వివరించేదాన్ని. ఇప్పుడు, నొప్పి అంటే నిజంగా తెలిసిన మనిషి ఒక్కరు కనబడితే ఈ పని మానేస్తానులే వదినా అని చెప్పి లోపలికి వచ్చేస్తున్నాను.

నేను నర్సును. చాలా ఏళ్లు వార్డుల్లో పనిచేశాను. జబ్బు ముదిరి, ఇక నయం కాదని తేలినవాళ్లకు నొప్పి తగ్గించడం ఎలాగో శిక్షణ తీసుకున్నాక, ఆ నేర్చుకున్నది మిగతావాళ్లకూ చెప్పి రమ్మని పంపడం మొదలుపెట్టారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాల దవాఖానలు నా వంతు. అంటే నా జీవితంలో సగం బస్టాండుల్లో గడుస్తుంది, మిగతా సగం ప్రొజెక్టరు వైరు ఎక్కడుందో వెతకడంలో గడుస్తుంది.

క్లాసు ఎలా జరుగుతుందో చెబితే నా చిరాకు మీకు అర్థమవుతుంది. పొద్దున పది గంటలకు అంటే జనం తీరుబడిగా పదకొండు దాటాక చేరతారు. వచ్చినవాళ్లు రానివాళ్ల సంతకాలు కూడా పెట్టేస్తారు. ముందు వరుస కుర్చీలన్నీ ఖాళీ, వెనక గోడ దగ్గర మాత్రం జాతర. తెర మీద బొమ్మలు మారుతుంటాయి, ఒళ్లో ఫోన్లు వెలుగుతుంటాయి. భోజనానికి చికెనా, పప్పా అనే సంగతి మాత్రం నేను రాకముందే అందరికీ తెలిసి ఉంటుంది. ఏమైనా అనుమానాలున్నాయా అని అడిగితే ఒక్క చెయ్యి లేస్తుంది, ఆ చెయ్యికి కావలసింది సర్టిఫికెట్. చివర్లో గ్రూపు ఫొటో. నిద్రపోయినవాళ్లు కూడా అందులో కళ్లు పెద్దవి చేసుకుని నిలబడతారు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అనుకుని ఊరుకుందామంటే, అదీ కాదు. క్లాసు అయ్యాక పరీక్ష పెడితే జవాబులన్నీ సరిగ్గానే రాస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. తెలియక చేయకపోతే ఇంకోసారి చెప్పవచ్చు. అన్నీ తెలిసి చేయని మనిషికి ఏం చెప్పాలి?

పోనీ, చెప్పేది బ్రహ్మవిద్యా? క్యాన్సర్ ముదిరి, మామూలు మందులకు లొంగని నొప్పికి మార్ఫిన్ గోలీ ఇవ్వాలి. నొప్పి వచ్చి మనిషి మెలికలు తిరిగాక కాదు, రాకముందే, వేళ తప్పకుండా. దాంతోపాటు మలబద్ధకం రాకుండా ఇంకో మందు. మొదటి రెండు మూడు రోజులు మత్తుగా ఉంటుంది, ఎన్నాళ్ల నిద్రో బాకీ ఉన్న మనిషి నిద్రపోతుంది, దానికి భయపడవద్దని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. లెక్కప్రకారం ఇచ్చి, మనిషిని చూసుకుంటూ ఉంటే అది ప్రాణం తీసే మందు కాదు. ఇంతే. దీన్ని ఎన్ని ఊళ్లలో ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు.

కానీ ఆ గోలీ బీరువా దాటి బయటికి రావాలి కదా. మా దవాఖానల్లో మార్ఫిన్ బీరువాకు రెండు తాళాలు. ఒక తాళంచెవి డాక్టరు దగ్గర, రెండోది ఫార్మసిస్టు దగ్గర. ఈయన వచ్చిన రోజు ఆయన సెలవు, ఆయన వచ్చిన రోజు ఈయన మీటింగు. రెండు చెవులూ ఒక్క చోట కలవడానికి ముహూర్తం పెట్టించాలి. పైగా గోలీ బయటికి వెళ్తే ఎవరికిచ్చావు, ఎందుకిచ్చావు, ఖాళీ రేకు ఏది అని పైవాళ్లకు జవాబు చెప్పాలి. లోపలే ఉంటే అడిగేవాడు లేడు. లోపలే ఉండి గడువు దాటిపోయినా అడిగేవాడు లేడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ పూజారులకు క్లాసులు చెప్పడమే నా పని.

వాళ్లలో ఒకరు భూపాలపల్లి వైపు ఒక దవాఖానలో పనిచేసే కుర్ర డాక్టరు. మర్యాదస్తుడు. నా పరీక్షలో ఒక్క తప్పు కూడా లేకుండా రాసిన మనిషి. మళ్లీ వెళ్లినప్పుడు నన్ను గదిలో కూర్చోబెట్టి, చాయ తెప్పించి, మన స్టాకు ఒక్క గోలీ కూడా తగ్గలేదు మేడం అని చెప్పాడు. అడవి పందులు పడకుండా మక్కచేను కాపాడిన రైతు మొహంలా వెలిగిపోతోంది అతని మొహం. మరి ఎవరికైనా ఇచ్చారా అని అడిగాను. తన పరిధిలో అంత నొప్పి ఉన్నవాళ్లు ఎవరూ లేరన్నాడు. ఈ భూమ్మీద అలాంటి చోటు ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆశా కార్యకర్తను పిలిపించి అడిగితే, రేగొండ దాటాక ఒక ఊళ్లో ఒక అవ్వ ఉందని చెప్పింది. రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. హైదరాబాద్ తీసుకుపోతే అక్కడివాళ్లు ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపోండి అన్నారట. ఆ ఇంటికి పోదాం పదండి అన్నాను. అతని కారులోనే వెళ్లాం.

అది కొంచెం పేరున్న ఇల్లు. కొడుకు వ్యవసాయంతో పాటు ఎరువుల దుకాణం నడుపుతాడు, ఊరి రాజకీయాల్లో కూడా తిరుగుతాడు. డాక్టరు సారు వచ్చాడని తెలియగానే అవ్వ ఏం చేసిందో చెప్పనా? నిటారుగా కూర్చుంది. కొంగు సర్దుకుంది. కోడలిని పిలిచి చాయ పెట్టమంది. మీ పిల్లలు మంచిగున్నారా సారూ అని డాక్టరునే పరామర్శించింది. మా వైపు పద్ధతి అది. చూడవచ్చిన మనిషి ముందు మూలగకూడదు. ఇంటికి వచ్చినవాళ్లను బాధ పెట్టి పంపకూడదు. ఎట్లున్నవ్ అంటే మంచిగున్న అనాలి, చితి మీద పడుకోబెట్టి అడిగినా సరే.

డాక్టరు కొడుకు వైపు తిరిగి, అమ్మకు నొప్పి ఎలా ఉంది అని అడిగాడు. అవ్వ ఎదురుగానే కూర్చుని ఉంది. కొడుకు, పెద్దగా ఏం లేదు సార్, జర నడుము గుంజుతదంటది అన్నాడు. నాకు పళ్లు కొరుక్కోవాలనిపించింది. క్లాసులో ఇదే చెప్పాను, నొప్పి ఎవరిదో వాళ్లనే అడగమని. నా చూపు చూసి డాక్టరుకు ఏదో గుర్తొచ్చినట్టుంది, సంచిలోంచి మొహాల బొమ్మల కాగితం తీశాడు. నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా వరుసగా ఉంటాయి. నీ నొప్పికి సరిపడే మొహం మీద వేలు పెట్టమని రోగిని అడగాలి. అవ్వ ఆ బొమ్మలను శ్రద్ధగా చూసి, అన్నిటికన్నా పెద్దగా నవ్వుతున్న మొహం మీద వేలు పెట్టింది. ఈ ఏడ్చే మొఖాలేంది సారూ, గివి ఇంట్ల పెట్టుకోవద్దు అని సలహా కూడా ఇచ్చింది. డాక్టరు నొప్పి సున్నా అని రాసుకున్నాడు.

ఆ క్షణంలో ఆ కాగితాన్ని తయారుచేసినవాళ్లు దొరికితే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

అప్పటిదాకా నేను అవ్వ కూర్చున్న చోటునే చూస్తున్నాను. మంచం మీద దుప్పటి మడత కూడా విప్పలేదు. మంచం పక్క గోడకు, కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో, నూనె మరక నల్లగా పేరుకుని ఉంది. దాని కింద వీపు ఆనే చోట సున్నం అరిగిపోయింది. నేను నొప్పి ఊసెత్తలేదు. రాత్రి ఏ పక్కకు పండుకున్నవ్ అవ్వా అని అడిగాను. మర్యాదకు సంబంధించని ప్రశ్న కావడంతో ఆమె తేలిగ్గానే జవాబిచ్చింది.

"పండుకునుడు యాడిది బిడ్డా. ఒరిగితే పాణం పోతది. గోడకు ఆనుకోని కూసొనే తెల్లారగొడుత. ఒక్కపాలి పక్కకు ఒరిగి పండుకుంటె సాలు నాకు, ఇగ ఏమద్దు."

కారులోకి ఎక్కాక డాక్టరు, ఆమె నాతో చెప్పలేదు కదా మేడం అన్నాడు. మీరు అడగలేదు కదా సార్ అన్నాను. దారంతా వాదించుకుంటూనే వచ్చాం. మార్ఫిన్ చివరి దశలో ఇద్దాం అంటాడు. ఎప్పుడొస్తుందండీ ఆ చివరి దశ? నిటారుగా కూర్చుని చాయ పెట్టిస్తోంది కదా అంటాడు. కూర్చునే ఉంది సార్, అదే కదా గోస! మార్ఫిన్ నల్లమందు నుంచి తీసేదే కదా, కేసు ఏదైనా మెడకు చుట్టుకుంటే అంటాడు. ఇచ్చే అధికారం, రాసే పద్ధతి, పెట్టుకోవలసిన లెక్క, అన్నీ చూపించాను. అన్నీ తెలుసు మేడం అన్నాడు. తెలుసని నాకూ తెలుసు, ఆ పేపరు దిద్దింది నేనే.

ఆ రోజు ఫార్మసిస్టు ములుగులో ఏదో పెళ్లికి వెళ్లాడు, తాళంచెవి జేబులో వేసుకుని. మర్నాడు ఫార్మసిస్టు వచ్చాడు, డాక్టరుకు కలెక్టరాఫీసులో మీటింగు. నేను జనగామ వెళ్లలేదు. భూపాలపల్లిలో తెలిసినవాళ్లింట్లో ఉండి, పొద్దున్నే ఆ డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాను. వచ్చిన రోగులు నన్ను ముట్టి చూసి, నీకేమైందమ్మా అని అడిగారు. నాకేం కాలేదు, ఈ బీరువాకు అయింది అన్నాను. ఆఖరికి రెండు చెవులూ కలిశాయి, తలుపు తెరుచుకుంది. గోలీలు పట్టుకుని నేనూ, దవాఖాన నర్సూ ఆ ఇంటికి వెళ్లి, ఎప్పుడు వేయాలో కోడలికి చూపించాం. మత్తు సంగతి ఇంట్లోవాళ్లందరికీ చెప్పమని నర్సుకు అప్పజెప్పి, నేను బస్సెక్కాను. కొడుకు అప్పుడు దుకాణంలో ఉన్నాడు.

మళ్లీ వారం నేను తొర్రూరు వైపు ఇంకో క్లాసులో ఉండి, మధ్యలో డాక్టరుకు ఫోన్ చేసి అవ్వ ఎలా ఉందని అడిగాను. అతని గొంతులో సంతోషం వినిపించింది. గోలీలు తిరిగొచ్చేశాయి మేడం, స్టాకులో కలిపేశాం అన్నాడు.

జరిగింది ఇది. మందు వేసుకున్న నాడే అవ్వ మంచం మీద పక్కకు ఒరిగింది. నిద్రపోయింది. ఎన్నో నెలల తర్వాత నిద్రపోయిన మనిషి కదా, పొద్దెక్కినా లేవలేదు. లేచి ఇంత జావ తాగి మళ్లీ పడుకుంది. సరిగ్గా అప్పుడే బ్రెడ్డు, అరటిపండ్లు పట్టుకుని చుట్టాలు చూసిపోవడానికి వచ్చారు. మంచిగున్న అని చెప్పాల్సిన మనిషి గురక పెట్టి నిద్రపోతోంది. గిదేం మందు, అవ్వను మత్తుల పండబెట్టిండ్రు, గా గోలీ ఇచ్చిండ్రంటే ఇగ పోయినట్టే అని తలా ఒక మాట అన్నారు. కొడుకుకు భయం పట్టుకుంది. ఇన్నాళ్లూ గోడకు ఆనుకుని మేలుకున్న తల్లి అతనికి బాగున్నట్టు, నిద్రపోయిన తల్లి చనిపోతున్నట్టు కనిపించింది. గోలీలన్నీ మూటగట్టి దవాఖానలో ఇచ్చేశాడు. నర్సుకు ఫోన్ చేసి, కొడుకుకు చెప్పలేదా అని అడిగితే, అంత పెద్దమనిషికి నేనేం చెప్తా మేడం, కోడలికి చెప్పిన కదా అంది. కోడలి మాట ఆ ఇంట్లో ఎవరు వింటారు?

తొర్రూరులో భోజనం వదిలేసి బస్సెక్కాను. హనుమకొండలో మారి, పరకాల దాటి, దారి పొడవునా నాలో నేను తిట్టుకుంటూనే ఉన్నాను. కొడుకును, చుట్టాలను, నర్సును, డాక్టరును, రెండు తాళాలను, ఆ నవ్వే మొహాన్ని. మర్నాడు పొద్దున డాక్టరును బలవంతంగా బయల్దేరదీశాను. ఆదివారం మేడం అన్నాడు. నొప్పికి ఆదివారం లేదు సార్, పదండి అన్నాను.

ఆదివారం కాబట్టి ఇల్లంతా చుట్టాలే. అవ్వ మళ్లీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం పాలిపోయి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అయినా మమ్మల్ని చూసి కొంగు సర్దుకోబోయింది. నాకు ఏడుపు వచ్చింది, దాన్ని కోపంగా మార్చి కొడుకు మీద చూపించాను. ఒకరి నిద్ర గుంజుకునే హక్కు నీకెవరిచ్చారని అడిగాను. అందరి ముందు అలా అడగడం అతనికి అవమానమే. అమ్మ నొప్పి లేదని తన నోటితో చెబుతుంటే మేమే మత్తుమందు అలవాటు చేస్తున్నామని అతనూ గొంతు పెంచాడు. చుట్టాలు అతని పక్కన నిలబడ్డారు.

అప్పుడు డాక్టరు నేను ఊహించని పని చేశాడు. కుర్చీ వద్దని పక్కకు జరిపి, అవ్వ మంచం కాళ్ల దగ్గర కింద కూర్చున్నాడు. కొడుకు వైపు చూడలేదు. గొంతు తగ్గించి, గా గోలీలు ఏసుకున్న రోజులు నీకు ఎట్లుండె అవ్వా అని ఆమెనే అడిగాడు.

అవ్వ కొడుకును చూసింది, వరుసగా కూర్చున్న చుట్టాలను చూసింది. అంతమంది ముందు ఆ మాట అనడం ఆమెకు ఎంత కష్టమో మా వైపు పుట్టినవాళ్లకే తెలుస్తుంది.

"పండుకున్న సారూ. గన్ని దినాలకు పక్కకు ఒరిగి పండుకున్న. అందరొచ్చిండ్రని మంచిగున్న అంటున్న గని, మంచిగ లేను. నాకు ఓర్సుకునుడు అయితలేదు. గా గోలీలు మల్ల ఇయ్యుండ్రి."

కొడుకు తువ్వాలతో మొహం తుడుచుకుంటూ వాకిట్లోకి వెళ్లిపోయాడు. నేను వెనకాలే వెళ్లి, ఈసారి తిట్టకుండా, మత్తు ఎన్ని రోజులుంటుందో, తర్వాత ఎలా తేరుకుంటుందో, ఏం కనిపిస్తే మాకు ఫోన్ చేయాలో చెప్పాను. నాకెవరన్న ముందే చెప్తే అయిపోతుండె కద మేడం అన్నాడు.

గోలీలు మళ్లీ ఆ ఇంటికి వచ్చాయి. మూడు నాలుగు రోజులకు మత్తు తగ్గింది, నిద్ర మిగిలింది. అవ్వ పక్కకు ఒరిగి పడుకునేది, మెలకువలో మనవరాలితో మాట్లాడేది, రెండు ముద్దలు తినేది. చుట్టాలు వస్తే నిద్రపోతోందని చెప్పి కొడుకే వాకిట్లో కూర్చోబెట్టి పంపేవాడు. పత్తి ఏరే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె నిద్రలోనే పోయింది. గోలీ వల్లే పోయిందని ఊళ్లో కొందరు అన్నారట. అనేవాళ్లు అంటారు, ముదిరిన క్యాన్సర్‌ను ఎవరూ నిందించరు.

దినాలు అయ్యాక పలకరించడానికి వెళ్లాను. కొడుకు లోపల ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. కోడలు వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఆ ఇంటికి అన్నిసార్లు వెళ్లినా ఆమె నాతో గోలీల వేళల గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. పక్కన కూర్చోమని పీట వేసి, చెరుగుతూనే, తల ఎత్తకుండా అడిగింది.

"అక్కా, గా గోలీలు గిప్పుడు కొత్తగ వచ్చినయా?"

కొత్తవి కాదు, ఎప్పటి నుంచో ఉన్నవే అని చెప్పాను. ఆమె పుట్టిల్లు మహబూబాబాద్ జిల్లాలో. నాలుగేళ్ల కిందట ఆమె తల్లి కూడా ఇదే జబ్బుతో పోయిందట. వాడకట్టంతా వినబడేలా ఒర్రి ఒర్రి, చివరికి గొంతు పోయి, నోరు తెరిచి ఊరికే చూసేదట. ఊరి పేరు చెప్పి, వాళ్లు తీసుకుపోయిన దవాఖాన ఏదో చెప్పింది. అది నాకు తెలుసు. అంతకు ముందటేడే అక్కడ క్లాసు చెప్పి, అందరూ పాసై, ఫొటో దిగి వచ్చాం.

"గా దవాఖానల గీ గోలీలు లేకుండెనా అక్కా?"

లేవని చెబితే సరిపోయేది. ఆమెకు ఆ రాత్రికి నిద్ర పట్టేది. కానీ ఆ ఇంట్లో ఇంకో అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

"ఉండె," అన్నాను. "బీరువల ఉండె."

ఆమె చాటను గోడకు ఆనించింది. కొంగు నోట్లో కుక్కుకుని, అక్కడే ముందుకు వంగిపోయి ఏడ్చింది. బయటికి వచ్చిన భర్త, మా అమ్మ పోయిన నాడు కూడా ఈమె ఇంత ఏడవలేదు, ఏమైంది మేడం అని నన్ను అడిగాడు.